గుండె ఏ పక్కకు జారింది

జహీరాబాద్,
ఫిబ్రవరి 17, మంగళవారం.

శ్రావణ్ అన్నయ్యకు,

తమ్ముడు వంశీ నమస్కారం పెట్టి రాస్తున్నది. అమ్మ ఆశీస్సులు చెప్పమంది. ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయాలని బళ్ళో నేర్పారు. బళ్ళో నేర్పినవాటిల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. అది కూడా ఇవ్వాళ పనికి రాలేదు.

ఆదివారం యాకోబు మన ఇంటికొచ్చాడు. నీ బ్యారక్‌లోనే ఉండి పోయిన వారం విడుదలయ్యాడట కదా. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రమ్మంటే రాలేదు. నాన్న అంత్యక్రియల నుంచి తిరిగెళ్ళిన దగ్గర్నుంచీ నువ్వు తినడం లేదనీ, పళ్ళెం పక్కవాడి ముందుకు నెట్టేస్తున్నావనీ చెప్పాడు. పెద్దకర్మకి పంపిస్తామన్నా అక్కర్లేదని రాసిచ్చావట. అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. నేను అతన్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళి, ఛాయ్ ఇప్పించి, మా అన్నయ్య అసలేమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. కాసేపు నసిగి, “మా నాయన నా ఫికర్ తోనే పాయె, గా ఇంట్ల ఏ మొహం పెట్టుకొని అడుగు పెట్టాలె అంటడు మీ అన్న” అన్నాడు.

నేను ములాఖాత్‌కి వచ్చాను. నువ్వు బయటికి రానన్నావు. ఇనుప జాలీ అవతల ఖాళీ స్టూలు చూసి వచ్చేశాను. అందుకే ఈ ఉత్తరం. యాకోబు గురువారం తన బావమరిదిని చూడ్డానికి అటు వస్తాడట, గేటు దగ్గర ఇస్తానన్నాడు.

అత్తయ్య అన్న మాట నిన్ను పట్టుకుంది, నాకు తెలుసు. నాన్నని వాకిట్లో పడుకోబెట్టినప్పుడు, నువ్వు వ్యాను దిగి వస్తుంటే, తెనాలి నుంచి వచ్చిన మనుషులందరి ముందూ “నీ బెంగే మా అన్నయ్యని తినేసిందిరా” అని రొమ్ము బాదుకుంది. పోలీసులు గడియారం చూస్తూనే ఉన్నారు. నువ్వు కొరివి పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వ్యాను ఎక్కేశావు. ఎలా పోయారని నువ్వు అడగలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. చెప్పడానికి ఏముంది, కొడుకు జైల్లో ఉన్నాడు, తండ్రి గుండె ఆగింది. అందరికీ సరిపోయింది.

అది నిజం కాదన్నయ్యా. నాన్న బెంగతో పోలేదు. ఎలా పోయారో మొదటినుంచీ చెబుతాను, కొంచెం ఓపిక పట్టు. తొమ్మిదో క్లాసులో గోడ దూకిన వాడి రాత ఇంతకంటే కుదురుగా ఉండదు. ఇంకో మాట ముందే చెప్పేస్తున్నాను. ఇందులో తప్పంటూ ఉంటే అది నాది. నీది మాత్రం కాదు.

నువ్వు లోపలికి వెళ్ళాక నాన్న ఇంట్లో కూర్చోలేకపోయారు. రిటైరైనా ఫ్యాక్టరీ ఫిట్టరే కదా. మొగుడంపల్లిలో గానీ చిరాగ్‌పల్లిలో గానీ ఎవరి ట్రాక్టరు మొండికేసినా ఫోను ఈయనకే వచ్చేది. నన్ను కూడా బండి మీద వెంటేసుకుని తిరిగేవారు. నేను ఒకచోట నిలిచే రకం కాదని నీకు తెలుసు. అల్లం లోడింగ్ వ్యాను వదిలేశాను, అంతకుముందు మొబైల్ షాపు వదిలేశాను. నాన్న దగ్గర మాత్రం నిలిచాను. స్పానరు అందించాల్సినప్పుడు నేను ఫోను చూసుకుంటూ ఉంటే, “ఇంజనీరు గారూ, తమరు తీరిక చేసుకుని ఆ పన్నెండు నంబరు ఇలా దయచేయించండి” అనేవారు. కోపం వస్తే ఆయనకి మర్యాద ఎక్కువవుతుంది కదా.

ఆ రోజు మొగుడంపల్లిలో మదన్‌మోహన్ గారి పొలానికి వెళ్ళాం. చెరకు నిండా ఎక్కించిన ట్రాలీ. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య ఉండే పిన్ను బిగుసుకుపోయి రావడం లేదు. ట్రాలీ చక్రం కింద రాయి పెట్టారు. నాన్న ఆ రెండింటి మధ్యకి దూరి, వంగి, పిన్నుని సుత్తితో కిందనుంచి కొడుతున్నారు. రాయి పెట్టింది ఎవరో గట్టిగానే పెట్టారు, కానీ కింద నేల తడిగా ఉంది. పిన్ను ఊడగానే రాయి నేలలోకి దిగిపోయింది. ట్రాలీ పెద్దగా కదల్లేదు అన్నయ్యా, ఒక జానెడు ముందుకొచ్చింది అంతే. ఆ జానెడు మధ్యలో నాన్న ఛాతీ ఉంది.

నర్సింగ్ అని వాళ్ళ డ్రైవరు, గబుక్కున ఎక్కి ట్రాక్టరు ముందుకు లాగాడు. నాన్న కింద పడలేదు. నిలబడే ఉన్నారు. చొక్కా దులుపుకున్నారు. సుత్తి ఎక్కడ పడిందని కూడా చూశారు. నర్సింగ్ నవ్వి, పెద్దసారు పాణం గట్టిది అన్నాడు. అప్పుడు నాన్న గట్టు మీద కూర్చున్నారు, ఇక లేవలేదు.

మదన్‌మోహన్ గారి జీపులో టౌనుకి తెచ్చాం. హైవే మీద ఒక చిన్న ప్రైవేటు దవాఖాన దగ్గర పడితే అందులోకే తీసుకెళ్ళాం. దాని పేరు రాయను. అక్కడి డాక్టరు బీదరు వైపు మనిషి. మంచివాడే. కన్నడం, హిందీ బాగా వచ్చు, తెలుగు మాత్రం వంద మాటల్లో పది అర్థమవుతాయి. ఎక్స్‌రే తీయించాడు. చూసి, ఎముకలేవీ విరగలేదు, లోపల రక్తం కూడా నిలవలేదు, అదృష్టవంతులు అన్నాడు. మన ఇంట్లో ఎవరినైనా అదృష్టవంతులు అని చాలా రోజులైంది. అమ్మ అప్పటికి ఆటోలో వచ్చేసింది. ఆ మాట విని గోడకున్న సాయిబాబా క్యాలెండరుకి దణ్ణం పెట్టుకుంది.

నాన్న మాత్రం ఒకటే మాట అంటున్నారు. గుండె జారింది, గుండె జారింది అని.

ఈ మాట నీకు కొత్త కాదు కదా. నీకు శిక్ష పడ్డ రోజు కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయి ఆయన అన్నది ఇదే. తర్వాత అది ఇంట్లో ఊతపదం అయిపోయింది. ఎవరైనా తలుపు కొడితే గుండె జారేది, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే జారేది. రోడ్డు మీద లారీ బ్రేకు వేసిన చప్పుడు వింటే మరీ జారేది, ఆ చప్పుడు ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. అమ్మ, “మళ్ళీ జారిందా? తీసి పైన పెట్టుకోండి” అని వేళాకోళం చేసేది. అలా అంటే ఆయన కొంచెం నవ్వేవారు. ఈ ఏడాదిలో ఆయన నవ్విందల్లా ఆ మాటకే.

డాక్టరు విని, క్యా బోల్ రహే హైఁ అని అడిగాడు. పెద్దాయన ఏమంటున్నాడని. అక్కడ మంచం పక్కన ఉన్నది నేను. నేనే చెప్పాను. “బేటే కా గమ్ హై సాబ్. బడా బేటా జైల్ మే హై.” కొడుకు దిగులండీ, పెద్దకొడుకు జైల్లో ఉన్నాడు అని. డాక్టరు అయ్యో అన్నట్టు తల ఊపాడు. నాన్న భుజం తట్టాడు. నొప్పికి ఒక ఇంజెక్షను, నిద్రకి ఒక మాత్ర రాశాడు. ఒక రోజు ఉంచండి, దిగులు తగ్గితే నొప్పీ తగ్గుతుంది అన్నాడు.

అక్కడితో ఆ మాట సంగతి అయిపోయింది. తర్వాత నాన్న ఎన్నిసార్లు అన్నా, నర్సు దగ్గర్నుంచి ఆయా దాకా అందరికీ దానర్థం ముందే తెలుసు.

మర్నాడంతా ఆయన ఎడమ పక్కకి తిరిగే పడుకున్నారు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, కుడి పక్కకి తిప్పితే అసలు ఓర్చుకోలేకపోయేవారు. దుప్పటి మార్చడానికి నేనూ అమ్మా కలిసి ఒకసారి కుడికి తిప్పాం. కళ్ళు తేలేశారు. పెదాలు నల్లబడ్డాయి. భయపడి మళ్ళీ ఎడమకి తిప్పేసరికి కాసేపటికి తేరుకున్నారు. దెబ్బ తగిలిన చోట నొప్పి అనుకున్నాం. బీపీ తక్కువుందని సెలైన్ పెట్టారు.

మధ్యాహ్నం అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచారు. నా చెయ్యి పట్టుకుని ఛాతీకి కుడివైపు పెట్టుకున్నారు. అక్కడ కొట్టుకుంటోంది. నా అరచేతికి బాగానే తెలిసింది. నేనేమో వాచిన చోట నరం అదురుతోందిలే అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, “ఒరే, నేను చెప్పేది బెంగ కాదురా. జారింది. నిజంగానే జారింది” అన్నారు. నేను అలాగే నాన్నా, అన్నయ్య వచ్చేస్తాడులే, ఇంక ఎన్నో రోజులు లేవు అన్నాను. ఆయన నా చెయ్యి వదిలేశారు.

అందరం ఆయనకి ధైర్యం చెప్పాం అన్నయ్యా. క్వార్టర్స్ వాళ్ళు వచ్చి చెప్పారు, ఫ్యాక్టరీ స్నేహితులు వచ్చి చెప్పారు, నీ పేరు ఎత్తి మరీ చెప్పారు. అంతమంది చుట్టూ చేరి ఓదారుస్తుంటే, ఒక్కరూ వినక, మనిషి ఎంత ఒంటరిగా ఉంటాడో నేను అప్పుడే చూశాను.

సాయంత్రం మదన్‌మోహన్ గారు చూడ్డానికి వచ్చారు. తన పొలంలో జరిగిందని ఆయన ముఖం చెల్లక నిలబడ్డారు. వాళ్ళ అమ్మ అనంతమ్మ కూడా వచ్చింది, పెద్ద ముక్కుపుడక, చేతిలో కర్ర. ఎట్లుంది సారూ అని మంచం అంచున కూర్చుంది. నాన్న అలవాటుగా ఆ మాటే అన్నారు. అమ్మ వెంటనే, పెద్దవాడి బెంగమ్మా అని మొదలెట్టింది.

అనంతమ్మ కర్ర ఎత్తి అమ్మని ఆపింది. “జర నువ్వాగు బిడ్డా. ఆయన్ని చెప్పనియ్యి. ఏ పక్కకు జారింది సారూ?”

అన్నయ్యా, రెండు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. నాన్న చెయ్యెత్తి కుడివైపు పెట్టుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడి ఊళ్ళల్లో కడుపునొప్పి వస్తే బొడ్డు జరిగింది అంటారు, నువ్వు వినే ఉంటావు. మొగుడంపల్లిలో బొడ్డు సరిచేసే మనిషి అనంతమ్మే. కాళ్ళు రెండూ కలిపి కొలుస్తుంది, బొటనవేళ్ళు లాగుతుంది. అది వైద్యమో కాదో నాకు తెలియదు. కానీ ఆవిడకి ఒంట్లోది ఏదైనా ఉన్న చోటు నుంచి జరగడం వింతేమీ కాదు. మనకి గుండె జారడమంటే భయం. ఆవిడకి జారడమంటే జారడమే.

నేను నవ్వొచ్చినట్టు మొహం పెట్టానేమో, నా వైపు ఒక చూపు చూసింది. “బొడ్డు జరిగితె నేను జూస్త పిల్లగా. గుండె నాతోని గాదు. మా త్రివేణి జూస్తది, లేపుండ్రి” అంది. మదన్‌మోహన్ గారి అమ్మాయి త్రివేణి ఇక్కడి సర్కారు దవాఖానలో డాక్టరు. వాళ్ళ అమ్మ మాట కొట్టేయలేక మదన్‌మోహన్ గారు ఫోను చేశారు. తీసుకురమ్మంది.

బీదరు డాక్టరు ఏమీ అడ్డు చెప్పలేదు. ఎక్స్‌రే ఫిల్ము కవర్లో పెట్టి ఇచ్చాడు.

త్రివేణికి నా అంత తమ్ముడు ఉన్నాడేమో అనిపించే వయసు. గట్టిగా మాట్లాడదు. వాళ్ళ నాయనమ్మ అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది, ఏ పక్కకు అంకుల్ అని. నాన్న చూపించారు. ఛాతీ ఎడమవైపు గొట్టం పెట్టి విన్నది, ఎక్కువసేపు విన్నది. తర్వాత కుడివైపు పెట్టింది. ఫిల్ము తీసుకుని లైటు ముందు పెట్టింది.

ఫిల్ములో గుండె ఎడమవైపే ఉంది. నాక్కూడా కనిపించింది. నేను చెప్పాను కదా మేడం అనబోయాను. ఆమె వేలితో కింద ఒక నల్లటి బుడగ చూపించి, ఇది కడుపులో గాలి, ఇది ఎప్పుడూ ఎడమ పక్కనే ఉంటుంది, మరి ఈ బొమ్మలో కుడి పక్కన ఎందుకుంది అని తనలో తనే అన్నట్టు అడిగింది. కవరు మీద నంబరు చూసి ఆ ఎక్స్‌రే అతనికి ఫోను కలిపింది. స్పీకర్‌లో విన్నాం. పాపం, దాచలేదు. గుండె కుడి పక్క కనపడ్డది మేడం, నేనే ఉల్టా కొట్టిన్ననుకొని కంప్యూటర్ల సీదా చేసిన అన్నాడు.

సీదా చేశాడట. నాన్న మాటని నేను సీదా చేసినట్టే.

ఆమె ఫోను పెట్టేసి అమ్మ వైపు తిరిగింది. కొంతమందికి పుట్టుకతోనే గుండె కుడివైపు ఉంటుందట. ఈయనకి ముందునుంచీ అలా ఉందా, ఎవరైనా చెప్పారా అని అడిగింది. ఫ్యాక్టరీలో ఏటేటా పరీక్షలు చేసేవారు, ఆ కాగితాలు ఇంట్లో ఉన్నాయేమో అని నేను అంటున్నాను. అమ్మ నన్ను ఆపి, చాలా మెల్లగా, “ఎడమ పక్కేనమ్మా. నాకు తెలియదా?” అంది. అని తల దించుకుని కొంగు సర్దుకుంది. నాన్న అంత బాధలోనూ అటు తిరిగి అమ్మని చూశారు. త్రివేణి ఇంక కాగితాలు అడగలేదు.

అక్కడే మళ్ళీ ఎక్స్‌రే తీయించి, చిన్న స్కానింగ్ మిషను ఛాతీ మీద పెట్టి చూసింది. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. గుండె చుట్టూ ఒక సంచి ఉంటుందట. ట్రాలీ నొక్కినప్పుడు అది చిరిగింది. ఆ చిరుగులోంచి గుండె బయటికి వచ్చి కుడి పక్కకి జారింది. అది జారినప్పుడు రక్తం తెచ్చే గొట్టాలు మెలిపడతాయి, నీళ్ళ పైపు మడతపడ్డట్టు. ఎడమకి తిరిగితే గుండె కొంచెం వెనక్కి వచ్చి మడత విప్పుకుంటుంది, కుడికి తిరిగితే ఇంకా జారి పూర్తిగా నొక్కుకుపోతుంది. ఇలాంటిది చాలా అరుదట, చదవడమే గానీ ఆమె కూడా ఎప్పుడూ చూడలేదట. పెద్ద స్కానింగు, ఆపరేషను హైదరాబాదులోనే అవుతాయి, ఇప్పుడే బయల్దేరాలి అంది.

నాన్న వింటున్నారు. ఆమె ఆయన మీదికి వంగి, “అవును అంకుల్. జారింది. మీరు చెప్పింది నిజమే” అంది. ఆయన ఊపిరి వదిలి అమ్మతో, “చూశావా” అన్నారు. అంతే అన్నారు. ఆయన మొహంలో అప్పుడు భయం లేదు అన్నయ్యా, దిగులూ లేదు. గెలిచిన మనిషి మొహం. ఫిట్టింగులో లోపం ఎక్కడుందో ఆయన చెబితే ఇంజనీర్లు కాదని, చివరికి అక్కడే దొరికినప్పుడు ఇంటికి ఎలా వచ్చేవారో, అలా ఉన్నారు.

బయట అంబులెన్సు కోసం నిలబడ్డప్పుడు త్రివేణి నాతో ఒక మాట అంది. తిట్టినట్టు కూడా అనలేదు. “మీ నాయన రోగం ఏందో ఒక్క మాటల చెప్పిండు వంశీ. మీ ఇంట్ల ఎవ్వరికీ తెలుగు రాదా?”

అంబులెన్సులో ఆయన్ని ఎడమకి తిప్పి, వీపు వెనక దుప్పట్లు చుట్టి పెట్టి, నేను రెండు చేతులతో ఆపి కూర్చున్నాను. ఎట్టి పరిస్థితిలోనూ కుడికి తిరగకూడదని త్రివేణి చెప్పి పంపింది. గతుకు వచ్చినప్పుడల్లా నేనే ముందు అదిరేవాణ్ణి. సదాశివపేట దాటాక మాట్లాడ్డం మానేశారు, కళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. కంది దగ్గర మీ జైలు గోడ వచ్చింది. నేను చూశాను. ఆయనకి చెప్పలేదు. చెబితే లేచి అటు తిరుగుతారని భయపడ్డాను. చెప్పి ఉండాల్సిందేమో, ఇప్పటికీ తెలియడం లేదు.

హైదరాబాదులో పెద్ద స్కానింగ్ తీస్తే త్రివేణి చెప్పిందే తేలింది. సంచి ఖాళీగా ఉంది, గుండె బయట ఉంది. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. సర్జను బయటికి వచ్చేసరికి అమ్మ బెంచీ మీద, నేను నేల మీద ఉన్నాం. గుండెని దాని చోట పెట్టారట. చిరుగు కుట్టారట. అంతా సరిగ్గా చేశారట, కానీ రెండు రోజులు మెలిపడి మెలిపడి అలసిపోయిన గుండె మళ్ళీ అందుకోలేదట. దెబ్బ తగిలిన రోజే తీసుకొచ్చి ఉంటే అని, మిగతాది అనలేదు.

ఇదీ జరిగింది. త్రివేణిని అడుగు, సర్జనుని అడుగు, కావాలంటే పరీక్షల కాగితాలన్నీ నీకు పంపిస్తాను. నాన్న గుండె నీ దిగులుతో ఆగలేదు. తడి నేలలో ఒక రాయి దిగబడి, సంచి చిరిగి, పక్కకి జారి ఆగింది. ఆయన చెబుతూనే ఉన్నారు. నేను డాక్టరుకి తప్పు అర్థం చెప్పాను. నీ పేరు వాడుకుని చెప్పాను. అందుకు నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

ఆ రోజు చిరాగ్‌పల్లి దగ్గర నీ లారీ కింద పడ్డ బైకు మనిషి ప్రాణం నీ మీద ఉంది. దాన్ని నువ్వు మోస్తున్నావు, మోయాల్సిందే, నేను కాదనను. కానీ ఈ రెండోది నీది కాదన్నయ్యా. నీది కానిది ఎత్తుకుని చచ్చిపోకు.

పెద్దకర్మ శుక్రవారం. పెరోల్ వద్దన్న కాగితం వెనక్కి తీసుకుంటానని ఈ ఉత్తరం అందగానే చెప్పు. మనసు మార్చుకుంటే పంపుతారని యాకోబు అన్నాడు. పళ్ళెం ముందుకొస్తే తిను. బాగుండదని తెలుసు. తిను.

నీ తమ్ముడు,
వంశీ

తా.క. ఈ చీటీ విడిగా, వేరే కాగితం మీద రాస్తున్నాను. చదివి చింపెయ్. పైన రాసిన కాగితాలు మాత్రం భద్రంగా దాచి శుక్రవారం వెంట తీసుకురా.

పైన ఒక్కచోట అబద్ధం రాశాను. బీదరు డాక్టరు అడిగినప్పుడు నేను ఆ గదిలో లేను. ఎక్స్‌రే డబ్బులు కట్టడానికి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. ఆ మాట చెప్పింది అమ్మ. నాన్న తల నిమురుతూ, తనకొచ్చిన హిందీలో చెప్పింది. నేను తిరిగొచ్చేసరికి ఏడుస్తూ నాకూ అదే చెప్పింది. ప్రేమతోనే చెప్పింది, అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

సర్జను ఆ మాట సగంలో ఆపినప్పుడు అమ్మ తల తిప్పి నా వైపు చూసింది. అన్నయ్యా, ఆ చూపు నువ్వు చూడలేదు. నేను వెంటనే, డాక్టరుకి బెంగ అని చెప్పింది నేనేనండీ అనేశాను. ఆలోచించలేదు. అమ్మ ఇప్పుడు వచ్చిన వాళ్ళందరికీ ఆయన బెంగతోనే పోయారని చెబుతోంది. అదే నిజమైతే తను చెప్పింది తప్పు కాదు కదా. అత్తయ్యకి ఆ మాట అందించింది కూడా అమ్మే. నిన్ను చంపుదామని కాదు. తను బతుకుదామని.

రోజూ దీపం పెట్టాక నన్ను అడుగుతోంది. వంశీ, ఆ రోజు డాక్టరుతో మాట్లాడింది నేనా, నువ్వా అని. నేనేనమ్మా అంటాను. వత్తి సరిచేసి మళ్ళీ అడుగుతుంది. నిజంగా గుర్తులేక అడుగుతోందో, నా నోట వినడానికి అడుగుతోందో తెలియదు. నేనొక్కణ్ణే చెబితే ఎన్నాళ్ళో నమ్మదు. నువ్వు చెబితే నమ్ముతుంది. నీ మాట ఇంట్లో ఎప్పుడూ నిలుస్తుంది, జైలుకెళ్ళినా సరే.

అందుకని శుక్రవారం రా. వచ్చి, పైన రాసిన కాగితాలు చేత్తో పట్టుకుని, నాన్న ప్రాణం తీసింది నువ్వేరా అని అందరి ముందూ నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. అమ్మ వినేలా తిట్టు.